మూత కింద కారే ఆవిరి: రిఫ్లక్స్ స్టిల్ గురించి అపోహలు – వాస్తవాలు

ఇరవై ఏళ్లుగా బెంగళూరులో డిస్టిలరీ ఉద్యోగం చేస్తున్నాను. మొదట ల్యాబ్‌లో, ఆ తర్వాత కాలమ్‌ల (స్పిరిట్‌ను శుద్ధి చేసే నిలువు గొట్టాల) దగ్గర. మా సొంతూరు చిత్తూరు పక్కన పల్లె. అక్కడ ఎవరైనా అడిగితే మా అమ్మ ఇప్పటికీ "కెమికల్ ఫ్యాక్టరీలో ఉద్యోగం" అనే చెబుతుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడటం, 1993 అక్టోబర్‌లో ప్రభుత్వం సారాను నిషేధించడం చూసిన తరం ఆమెది. ఆ పేరు ఎత్తడం ఇష్టం ఉండదు. ఆమెను తప్పు పట్టలేను.

కెంగేరిలో మా అపార్ట్‌మెంట్ వాళ్లకు అలాంటి మొహమాటాలేం లేవు. లిఫ్టులో కనిపిస్తే చాలు, "మేడం, ఇంట్లో ఒక చిన్న స్టిల్ పెట్టుకోవాలంటే ఎంతవుతుంది?" అంటారు. స్టిల్ అంటే పులియబెట్టిన ఊటను మరిగించి, ఆవిరిని చల్లార్చి ఆల్కహాల్ తీసే బట్టీ. చల్లబడిన ఆవిరిలో కొంత మళ్లీ వెనక్కి దిగేలా చేసేది రిఫ్లక్స్ స్టిల్. మా మేనల్లుడు ఆక్లండ్‌లో ఉంటాడు, వాడు ఏకంగా కొనేశాడు. న్యూజిలాండ్‌లో 1996 నుంచి సొంత వాడకం కోసం ఇంట్లో స్పిరిట్ తీసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. ఆదివారం పొద్దున నేను కాఫీ తాగే వేళకు వాడికి మధ్యాహ్నం. గరాజ్‌లో స్టిల్ ముందు నిలబడి వీడియో కాల్ చేస్తాడు. కింద రాసినవాటిలో సగం ఆ కాల్స్‌లో వచ్చినవే, మిగతా సగం లిఫ్టులో వచ్చినవి.

అపోహ: మన ఇంట్లో, మన కోసం కాచుకుంటే ఎవరికేం ఇబ్బంది?

కర్ణాటక ఎక్సైజ్ చట్టం 1965 ప్రకారం లైసెన్సు లేకుండా కాయడం నేరం. అందుకోసం స్టిల్, సామాను దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే. చెన్నైలో ఉన్నవాళ్లకు తమిళనాడు మద్యనిషేధ చట్టం 1937 ఉంది. అమ్మకపోయినా, ఒక్క లీటరే అయినా చట్టం ఊరుకోదు. "ఎసెన్షియల్ ఆయిల్ కోసం" అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారుగా అంటారు. బాక్సు మీద ఏం రాసి ఉన్నా, లోపల ఊట ఉంటే అది ఊటే. లిఫ్టులో అందరికీ ఇదే చెబుతాను. సగం మంది రెండో అంతస్తులోనే దిగిపోతారు.

మిగిలిన సగం మందికి అసలు అది ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలని ఉంటుంది. ఇక నుంచి వాళ్ల కోసం.

అపోహ: 78.4 డిగ్రీల దగ్గర పెడితే ఆల్కహాల్ ఒక్కటే ఆవిరవుతుంది, నీళ్లు కింద ఉండిపోతాయి.

నాకు ఎక్కువగా వినిపించే మాట ఇదే. చదువుకున్నవాళ్లే ఎక్కువ అంటారు, టెన్త్ క్లాసు పుస్తకంలో ఆ అంకె ఉంటుంది కాబట్టి. 78.4 అనేది స్వచ్ఛమైన ఇథనాల్ (తాగే ఆల్కహాల్) మరిగే ఉష్ణోగ్రత, అదీ సముద్ర మట్టం దగ్గర. స్టిల్‌లో పోసేది స్వచ్ఛమైన ఇథనాల్ కాదు. ఊటలో పది శాతం ఆల్కహాల్ ఉందనుకోండి, అది 92, 93 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అప్పుడు లేచే ఆవిరిలో ఆల్కహాల్ సగానికి కాస్త అటూ ఇటూ ఉంటుంది, మిగతాదంతా నీళ్లే. 78.4కు పట్టుకుని కూర్చుంటే ఆ ఊట అసలు మరగదు. కాసేపటికి మీరే లేచిపోతారు.

ఆ సగం సగం ఆవిరిని చల్లార్చి, మళ్లీ మరిగిస్తే ఎనభై దగ్గరికి వస్తుంది. మళ్లీ చేస్తే ఇంకొంచెం. మొదటి రెండు అడుగులు అంగలు, ఆ తర్వాతవన్నీ చీమ నడక. బరువులో 95.6 శాతం (వాల్యూమ్ లెక్కలో 97 పైచిలుకు) దగ్గర పూర్తిగా ఆగిపోతుంది. అక్కడ ద్రవంలో ఎంత ఆల్కహాల్ ఉందో ఆవిరిలోనూ అంతే ఉంటుంది, ఇక వేరు చేయడానికి తేడా అంటూ ఏమీ మిగలదు. దాన్ని అజియోట్రోప్ అంటారు. మామూలు కాలమ్ ఎంత పొడవు కట్టినా ఆ గీత దాటదు. "నా స్టిల్‌లో నూటికి నూరు వస్తుంది" అనేవాళ్ల హైడ్రోమీటర్ (ఆల్కహాల్ బలం కొలిచే సాధనం) చెడిపోయిందనుకోండి, లేదా వేడి స్పిరిట్‌లో ముంచి రీడింగ్ చూస్తున్నారనుకోండి.

రిఫ్లక్స్ చేసే పని ఏమిటంటే, ఈ మరిగించడం, చల్లార్చడం, మళ్లీ మరిగించడం అన్నీ ఒకే గొట్టంలో జరిపించడం. ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు లోపలి వైపు నీటి బొట్లు కారతాయి చూడండి, అదే. పైన కండెన్సర్‌కు తగిలి చల్లబడిన ఆవిరి చుక్కలై వెనక్కి దిగుతుంది. దిగేటప్పుడు దానికి పైకి వచ్చే వేడి ఆవిరి ఎదురవుతుంది. ఆ ఎదురుపాటులో నీళ్లు ఎక్కువగా చుక్కలోకి చేరి కిందికి పోతాయి, ఆల్కహాల్ ఎక్కువగా ఆవిరిలోకి చేరి పైకి పోతుంది. కాలమ్‌లో రాగి జాలీ, స్టీలు పీచు లాంటివి నింపేది ఈ రెండూ ఒకదాన్నొకటి తాకడానికి బోలెడు చోటు ఉండాలని.

అపోహ: థర్మామీటర్ ఫలానా అంకె చూపిస్తే సరిగ్గా నడుస్తున్నట్టు.

మా మేనల్లుడు ఒకసారి అడిగాడు: "అత్తా, నాకు పైన 78.2 ఉంది, మీ దగ్గర ఎంత?" మాకు 75.5 చుట్టూ ఉంటుందన్నాను. వాడు కంగారు పడ్డాడు, మా కాలమ్‌లో ఏదో తేడా ఉందని! బెంగళూరు సముద్ర మట్టానికి 920 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్లే 97 దగ్గర మరుగుతాయి. చెన్నైలో ఉన్నవాళ్లు 100 చూస్తారు. పప్పు ఉడకడానికి ఇక్కడ ఇంకో విజిల్ కావాలని మా అమ్మ వచ్చినప్పుడల్లా విసుక్కునేది కూడా ఇందుకే. వాన ముసురు పట్టిన రోజు ఒత్తిడి మారి, అదే కాలమ్ డిగ్రీలో ఒకటి రెండు పదో వంతులు తేడా చూపిస్తుంది.

అందుకే చూడాల్సింది అంకె కదలికను. మొదట అంతా వెనక్కే పంపుతూ, ఒక్క చుక్క కూడా బయటికి తీయకుండా, అరగంట నుంచి గంట సేపు కాలమ్‌ను స్థిరపడనివ్వాలి. ఎసిటాల్డిహైడ్, ఇథైల్ ఎసిటేట్ లాంటి తేలికపాటి ఘాటు వాసన రసాయనాలు పైకి చేరి కూర్చుంటాయి. వాటిని చుక్క చుక్కగా తీసి పారబోస్తే ఆ తర్వాత అంకె ఒక చోట కుదురుకుంటుంది. గంటల తరబడి అలాగే నిలబడాలి. అందులో డిగ్రీలో పదో వంతు, రెండు వంతులు పైకి కదిలిందంటే కింద ఆల్కహాల్ అడుగంటుతోందని అర్థం. అప్పుడు బయటికి తీసేది తగ్గించి, వెనక్కి పంపేది పెంచాలి. ఒక వంతు తీస్తే మూడు నుంచి అయిదు వంతులు వెనక్కి పోవాలి, చివర్లో ఇంకా ఎక్కువ. ఈ నిష్పత్తినే రిఫ్లక్స్ రేషియో అంటారు. నా అడిగితే ఈ విద్యంతా ఇక్కడే ఉంది: ఎంత తీసుకున్నామన్నది కాదు, ఎంత వెనక్కి పంపగలిగామన్నది. మొదటిసారి నడిపేవాళ్లందరూ చేసే తప్పు జార్ నింపాలన్న తొందర.

అపోహ: మంట పెంచితే పని త్వరగా అవుతుంది.

నేనూ అలాగే అనుకున్నాను. కొత్తగా కాలమ్ మీద వేసిన రోజుల్లో, ఒక నైట్ షిఫ్టులో ఉత్పత్తి వెనకబడిందని స్టీమ్ వాల్వ్ కొద్దిగా ఎక్కువ తిప్పాను. పది నిమిషాల్లో కాలమ్ పైకీ కిందికీ ఒత్తిడి తేడా చూపించే గేజ్ ముల్లు ఎగబాకింది. ఆవిరి అంత జోరుగా వస్తుంటే పై నుంచి దిగాల్సిన ద్రవం దిగలేక మధ్యలోనే వేలాడింది. వాల్యూమ్ లెక్కలో 96 శాతం ఉండాల్సిన స్పిరిట్ 93కి పడింది. మా షిఫ్ట్ ఇన్‌చార్జ్ గోదావరి జిల్లా మనిషి, పరిగెత్తుకుంటూ వచ్చి ఒకటే అన్నాడు: "ఆవిరి తగ్గించమ్మా, అది మింగలేకపోతోంది." దీన్ని ఫ్లడింగ్ అంటారు. మళ్లీ దారిలో పడటానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ నేను ఎవరి ముఖమూ చూడలేదు.

ఇంటి స్టిల్‌లో గేజ్ ఉండదు, చెవే గేజ్. మావాడు ఒక ఆదివారం ఫోన్‌ను కాలమ్‌కు ఆనించి వినిపించాడు. హుక్కా పీల్చినట్టు గుడగుడ. విప్పి చూస్తే గొట్టం నిండా స్టీలు పీచు దూదిలాగా కుక్కేశాడు. ఎక్కువ నింపితే ఎక్కువ శుద్ధి అవుతుందని వాడి లెక్క. సగం తీయించాను, హీటర్ తగ్గించమన్నాను, చప్పుడు ఆగింది.

అపోహ: ఇంట్లో కాస్తే మిథనాల్ వచ్చి కళ్లు పోతాయి.

ఇక్కడ జాగ్రత్తగా చదవండి. సగం నిజం ఉన్న అపోహ ఇది.

పులియబెట్టినప్పుడు మిథనాల్ వచ్చేది ముఖ్యంగా పెక్టిన్ నుంచి, అంటే పండ్ల గుజ్జు, తొక్కల నుంచి. బెల్లం, చక్కెర, ధాన్యం ఊటలో అది నామమాత్రం. స్టిల్ కొత్తగా మిథనాల్‌ను పుట్టించదు, ఊటలో ఉన్నదాన్నే బయటికి తెస్తుంది. మరి కల్తీ సారా చావులు? 1981లో ఇదే బెంగళూరులో 300 మందికి పైగా పోయారు. 2024 జూన్‌లో కళ్లకురిచ్చిలో 60 మందికి పైగా పోయారు. ఆ ప్రాణాలు తీసింది మిథనాలే. ఫ్యాక్టరీల్లో ద్రావకంగా వాడే మిథనాల్‌ను చవగ్గా సంపాదించి తాగే సరుకుగా అమ్మితే జరిగేది అదే. శరీరం దాన్ని ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది, అది కంటి నరాన్ని కొడుతుంది.

కాబట్టి "ముందు వచ్చిన గ్లాసెడు పారబోస్తే మిథనాల్ పోయినట్టే" అనేది కూడా అపోహే. మామూలు బట్టీలో అది మొదట్లోనే పూర్తిగా వచ్చేయదు, కొద్ది కొద్దిగా చివరిదాకా వస్తూనే ఉంటుంది. ముందు భాగం పారబోసేది ప్రధానంగా ఘాటు వాసనల కోసం. ఇక ఎక్కడో దొరికిన ఇండస్ట్రియల్ స్పిరిట్‌ను స్టిల్‌లో పోసి "శుద్ధి" చేసుకోవచ్చని ఎవరైనా అంటే, వాళ్ల మాట వినకండి, వాళ్ల ఇంట్లో ఏమీ తాగకండి. వాసనతో తెలియదు, రుచితో తెలియదు. స్పూన్‌లో పోసి వెలిగించి "నీలం మంట, మంచి సరుకు" అనేవాళ్లు ఉంటారు. ఇథనాలూ నీలంగానే మండుతుంది, మిథనాల్ మంట పగటి వెలుతురులో కనిపించనే కనిపించదు, రెండూ కలిస్తే మంట చూసి ఏమీ చెప్పలేరు. ల్యాబ్‌లో మేము గ్యాస్ క్రొమటోగ్రాఫ్ (కలిసిపోయిన రసాయనాల్ని విడదీసి చూపే యంత్రం) వాడేది సరదాకి కాదు.

అపోహ: మిథనాల్ లేకపోతే ఇంకేం ప్రమాదం ఉంది?

నిప్పు. నా భయమంతా దాని గురించే. గాలిలో మూడు శాతం పైచిలుకు ఇథనాల్ ఆవిరి చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది. అది గాలి కంటే బరువు, నేల మీద పాకి వెళుతుంది. గ్యాస్ స్టవ్ మీద స్టిల్, పక్కనే నిండుతున్న జార్... ఆ ఫొటోలు చూస్తే నాకు నిద్ర పట్టదు. మావాడికి మొదటి రోజే నేర్పించింది ఒకటే వరస: ముందు కండెన్సర్ నీళ్లు, తర్వాత హీటర్. ఆపేటప్పుడు ముందు హీటర్, చివరగా నీళ్లు. నడుస్తున్నంత సేపు అక్కడే ఉండాలి. కొళాయి నీళ్లు మధ్యలో ఆగితే ఆవిరంతా గదిలోకే వస్తుంది. మా అపార్ట్‌మెంట్‌లో ట్యాంకర్ వస్తేనే నీళ్లు, ఎప్పుడు ఆగుతాయో దేవుడికే తెలుసు. చట్టం సంగతి పక్కన పెట్టినా నేను ఇక్కడ ఆ పని చేయను.

ప్రెషర్ కుక్కర్‌కు గొట్టం తగిలించే వీడియోలు కూడా ఉన్నాయి. స్టిల్‌కు ఎప్పుడూ ఒక చివర గాలికి తెరిచి ఉండాలి. గొట్టం మూసుకుపోతే అది బాంబే. సీసం ఉన్న టంకం, పాత కారు రేడియేటర్ వాడితే సీసం నేరుగా గ్లాసులోకి దిగుతుంది. వేడి ఆవిరి తగిలే చోట ప్లాస్టిక్ వద్దు.

అపోహ: రాగి ఉంటే అన్నీ శుభ్రమైపోతాయి.

రాగి గంధకపు వాసనల్ని పట్టుకుంటుంది, కుళ్లిన గుడ్డు కంపు లాంటివాటిని. అంతవరకే. మిథనాల్‌కు రాగి అంటే లెక్కలేదు. పట్టుకున్న కొద్దీ జాలీ నల్లబడుతుంది, కడగాలి. మావాడు ఏవో పొడులు కొంటానంటే చింతపండు రసంలో నానబెట్టమన్నాను. ఇత్తడి బిందెలు తోమినట్టే మెరిసింది. పక్కింటి న్యూజిలాండ్ పెద్దాయన వచ్చి అదేంటని అడిగాడట.

అపోహ: ఒక రిఫ్లక్స్ స్టిల్ ఉంటే విస్కీ, రమ్, బ్రాందీ, ఏదైనా చేసేయొచ్చు.

బాగా నడిచే రిఫ్లక్స్ కాలమ్ నుంచి వచ్చేదానికి రుచి ఉండదు. లేకుండా చేయడమే దాని పని. మేము తీసే ఎక్స్‌ట్రా న్యూట్రల్ ఆల్కహాల్ బెల్లపు మడ్డి నుంచి వచ్చిందో, బియ్యం నూకల నుంచి వచ్చిందో నాలుక మీద చెప్పడం కష్టం. మన దేశంలో చవక విస్కీలు చాలావరకు దీనికి నీళ్లు, రంగు, ఫ్లేవర్ కలిపినవే. రుచి కావాలంటే పాట్ స్టిల్, అంటే రిఫ్లక్స్ కాలమ్ లేని మామూలు బట్టీ కావాలి. ఈ ఊళ్లోనే తయారయ్యే అమృత్ సింగిల్ మాల్ట్ పాట్ స్టిల్‌లోంచి వచ్చేదే. గోవా ఫెనీ కూడా బానల్లో కాచేదే, అందుకే గదిలో మూత తీస్తే వీధి చివర తెలుస్తుంది.

మావాడికి ఈ సంగతి నాలుగు నెలలకు తెలిసింది. అక్కడి బెల్లంలాంటి నల్ల చక్కెరతో ఊట పెట్టి, అన్నీ సరిగ్గా చేసి, అంకె కదలకుండా ఆరు గంటలు నడిపి, నీళ్లు కలిపి రుచి చూశాడు. ఫోన్‌లో ముఖం వేలాడేశాడు.

"అత్తా, ఏం రుచీ లేదు."

"మరి బాగా చేశావన్నమాట," అన్నాను.

పోయిన ఆదివారం కాలమ్ విప్పి, లోపలి జాలీ మొత్తం లాగేసి, ఖాళీ గొట్టంతో నడిపాడు. స్పిరిట్ బలం తగ్గింది, మబ్బుగా వచ్చింది, గరాజ్ అంతా కాచిన బెల్లం వాసన వచ్చిందట.