జన్మపాపం పసిబిడ్డ చేసిన తప్పు కాదు: అపోహలు – వాస్తవాలు

బిడ్డకు బాప్తిస్మం ఇప్పించాలని వచ్చే తల్లిదండ్రులు కడపలోనైనా, గుత్తిలోనైనా మొదట అడిగేది ఒకటే: "నెల తిరగని పిల్లోడు ఏం పాపం చేసినాడయ్యా?" ఏమీ చేయలేదు. జన్మపాపం (మొదటి మనిషి ఆదాము దేవుని మాట మీరినందువల్ల మనుషులందరికీ పుట్టుకతో వచ్చిందనే పాపం) గురించి పాఠం మొదలుపెట్టేముందే ఈ జవాబు గట్టిగా చెప్పాలి.

అపోహ: ఆదాము చేసిన తప్పుకు బిడ్డ దోషి.

వాస్తవం: జన్మపాపం మనిషికి సంక్రమించిన స్థితే గానీ అతను చేసిన పాపం కాదని కతోలిక సత్యోపదేశం (కతోలిక సంఘం తన బోధనలను కూర్చిన గ్రంథం) 404వ పేరా స్పష్టంగా చెబుతుంది. తాత తాకట్టు పెట్టి పోగొట్టిన చేను మనవడికి రాదు. ఆ కాగితం మీద వాడు వేలిముద్ర వేయలేదు, అయినా చేను లేని ఇంట్లోనే పుట్టాడు. అట్లే ఆదాము పోగొట్టుకున్న దైవస్నేహం లేకుండానే, మరణానికీ చెడువైపు మొగ్గుకీ లోబడి మనం పుడతాం. ఒక మనిషి వల్ల పాపం లోకంలోకి వచ్చిందనే రోమా 5:12 చదివేటప్పుడు యెహెజ్కేలు 18:20 కూడా తెరవాలి. తండ్రి దోషాన్ని కొడుకు మోయడని అక్కడ రాసి ఉంది. ప్రొటెస్టంటు విశ్వాస ప్రమాణాల్లో మాట ఇంకా కటువుగా ఉంటుంది. ఆంగ్లికన్ల (ఇంగ్లండు సంఘం) 39 సూత్రాల్లో 9వది ఈ చెడిన స్వభావం దేవుని ఉగ్రతకు తగినదంటుంది. అక్కడ కూడా మాట మనిషి స్వభావం గురించే, ఊయలలోని బిడ్డ చేసిన పని గురించి కాదు.

అపోహ: బిడ్డ అవిటిగా పుడితే అది పెద్దల పాపఫలం.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ గాయం చేసే మాట ఇది. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిన ప్రశ్న కూడా ఇదే. వాడూ పాపం చేయలేదు, వాణ్ణి కన్నవాళ్లూ చేయలేదు అని యేసు జవాబిచ్చాడు (యోహాను 9:3). అనంతపురం వైపు ఫ్లోరైడు నీళ్లకు కాళ్లు వంకరపోయిన పిల్లలున్నారు. ఆ తల్లికి చెప్పాల్సింది నీళ్ల గురించి, ఆస్పత్రి గురించి. ఆమె చేతిలో పాపాల లెక్క పెట్టకూడదు.

అపోహ: భార్యాభర్తల కలయికే ఆ మొదటి పాపం.

వాస్తవం: ఫలించి విస్తరించమన్న దీవెన ఆదికాండం 1:28లోనే ఉంది. పతనం, అంటే ఆదాము హవ్వలు దేవుని మాట మీరడం, మూడో అధ్యాయంలో వస్తుంది.

అపోహ: అంతా హవ్వ వల్లే.

వాస్తవం: రోమా 5 ఆదాము పేరే చెబుతుంది. కోడళ్లను ఆడిపోసుకోవడానికి హవ్వను వాడుకునే ప్రసంగం వాక్యం కాదు.

అపోహ: యేసు తన ప్రాణాన్ని సాతానుకు వెలగా కట్టాడు.

వాస్తవం: "విమోచన క్రయధనం" (విడిపించడానికి కట్టే వెల) అన్న మాట మార్కు 10:45లో ఉంది, కానీ అది ఎవరి చేతికి వెళ్లిందో ఆ వచనం చెప్పదు. 4వ శతాబ్దంలో నీసా గ్రెగొరీ అనే బిషపు సాతానుకే అన్నాడు. అదే కాలపు మరో బిషపు నజియాంజు గ్రెగొరీ దాన్ని ఒప్పుకోలేదు. 11వ శతాబ్దం చివర వేదాంతి అన్సెల్ము, మనిషి దేవునికి బాకీపడ్డ ఘనతను క్రీస్తు తీర్చాడని వివరించాడు. వివరణలు ఇన్ని ఉన్నా అన్ని సంఘాలూ పట్టుకున్న సంగతి ఒక్కటే: రక్షణ దేవుడే చేసిన పని, ఎఫెసీ 2:8 ప్రకారం అది కృప. కానుక పెంచితే క్షమాపణ పెరగదు.

అపోహ: బాప్తిస్మం అయ్యాక శోధన (పాపం వైపు లాగుడు) ఉండదు.

వాస్తవం: జన్మపాపం తొలగినా చెడువైపు మొగ్గు మిగులుతుందని 1546లో కతోలిక బిషపుల త్రెంత్ మహాసభే చెప్పింది. బాప్తిస్మం తీసుకుని మళ్లీ తాగినవాడు "నాది చెల్లలేదేమో" అని ఇంకోసారి నీళ్లలో దిగడం మన దగ్గర మామూలే. అది తప్పు దారి. అతనికి కావాల్సింది పశ్చాత్తాపం, సంఘం తోడు.

అపోహ: పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వని సంఘం పతనాన్ని నమ్మదు.

వాస్తవం: కర్నూలు బాప్టిస్టులూ పతనాన్ని నమ్ముతారు. విశ్వాసం సొంత నోటితో ఒప్పుకున్నాకే నీళ్లలో ముంచుతారు, అంతే తేడా. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), కతోలిక సంఘాలు తల్లిదండ్రుల విశ్వాసం మీద బిడ్డకే ఇస్తాయి.

అపోహ: జ్ఞానస్నానం (బాప్తిస్మానికి కతోలికులు వాడే మాట) లేకుండా చనిపోయిన బిడ్డకు నరకమే.

వాస్తవం: సత్యోపదేశం 1261వ పేరా ఆ బిడ్డలను దేవుని కరుణకు అప్పగిస్తుంది. జ్ఞానస్నానం ఇప్పించాలని తల్లిదండ్రులు అనుకుని ఉంటే, మేత్రాణుల (బిషపు) అనుమతితో గుడి పద్ధతిలోనే సమాధి చేయవచ్చు. అడగడానికి వెనకాడొద్దు.

బిడ్డ ప్రాణాపాయంలో ఉండి, గురువు (ఫాదర్) వచ్చే వీలు లేకపోతే కతోలిక నియమం ప్రకారం ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వవచ్చు, నర్సమ్మ అయినా సరే. తల్లిదండ్రుల్లో ఒకరి సమ్మతి తీసుకోండి. మామూలు నీళ్లే కావాలి. పాలు, కొబ్బరినీళ్లు చెల్లవు. బిడ్డ ఆస్పత్రి వెచ్చని పెట్టెలో (ఇన్‌క్యుబేటర్) ఉంటే కాచి చల్లార్చిన నీళ్లు, నర్సు ఒప్పుకున్నాకే, సిరంజితో. టోపీ తీసి, నీళ్లు తల చర్మం మీద పారేలా మూడుసార్లు పోస్తూ, పోసేవారే పేరు పెట్టి పిలిచి "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానమిస్తున్నాను" అనాలి. ఎక్కువగా చెడేది ఇక్కడే: ఒకరు పోస్తే ఇంకొకరు మాటలు చెప్పడం, తడిగుడ్డతో తుడిచి సరిపెట్టడం. తేదీ, ఇచ్చినవారి పేరు, ఒక సాక్షి పేరు రాసి విచారణ గురువుకు ఇవ్వండి. బిడ్డ కోలుకుంటే గుడిలో తైలం, తెల్లబట్ట, క్రొవ్వొత్తి వరకే జరిపిస్తారు. నీళ్లు మళ్లీ పోయరు.