ఇంగ్లిష్ క్లాసులో క్రైమ్, పోలీస్ టాపిక్: అపోహలు - వాస్తవాలు

స్పోకెన్ ఇంగ్లిష్, ఐఈఎల్‌టీఎస్ (విదేశాలకి వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష) చెప్పేవాళ్లకి ఈ టాపిక్ తప్పదు, ఆ పరీక్షలో వ్యాసం రాసే రైటింగ్ టాస్క్ టూలో నేరాలు, శిక్షల మీద ప్రశ్నలు వస్తూనే ఉంటాయి. అయినా దీని చుట్టూ ఉన్న అపోహలు అన్నీ ఇన్నీ కావు.

అపోహ: పోలీసుల్ని విమర్శిస్తే మార్కులు పోతాయి.
వాస్తవం: అస్సలు పోవు. స్పీకింగ్‌లో చూసేది తడబడకుండా పొందికగా మాట్లాడటం, వొకాబులరీ, గ్రామర్, ఉచ్చారణ, అంతే. మీరు ఏ పక్షం అన్నదానికి మార్కుల్లేవు.

అపోహ: లా పదాలు బట్టీ పడితే చాలు.
వాస్తవం: పెద్ద పదాలన్నీ వచ్చినవాళ్లు కూడా "ద థీఫ్ అరెస్టెడ్" అనేస్తారు, మధ్యలో "వాజ్" ఎగిరిపోయి దొంగే ఎవర్నో అరెస్ట్ చేసినట్టు అవుతుంది! అందుకే ముందు కంప్లైంట్ రోల్‌ప్లే పెడతా. ఒకరు ఎస్సై, ఇంకొకరి ఫోన్ ఎవరో లాక్కెళ్లారు. ఎక్కడ నిలబడ్డారు, టైమెంత, బండి మీద ఎంతమంది, ఎటు పోయారు అని అడుగుతుంటే "ఐ వాజ్ వెయిటింగ్ ఫర్ ద బస్, టూ మెన్ కేమ్ ఆన్ ఎ బైక్" అంటూ టెన్సులు వాటంతటవే పడతాయి. ఎస్సై వేషం వేసినవాళ్లు "ఇది మా ఏరియా కాదు" అన్నారంటే అక్కడ ఆపి జీరో ఎఫ్ఐఆర్ గురించి చెప్తా. 2024 జులై 1న అమల్లోకొచ్చిన బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్ ప్రకారం స్నాచింగ్ లాంటి కాగ్నిజబుల్ నేరం, అంటే పోలీసులు వారెంట్ లేకుండానే అరెస్ట్ చేయగల నేరం, ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా కంప్లైంట్ ఇవ్వొచ్చు, ఎఫ్ఐఆర్ కాపీ ఫ్రీగా ఇవ్వాలి. ఇది తెలిసిన పిల్లలు ఎస్సైకి ఎదురు ప్రశ్న వేస్తారు, అదీ ఇంగ్లిష్‌లో, నాకు కావాల్సింది అదే.

అపోహ: "మీకు జరిగింది చెప్పండి" అంటే అందరూ మాట్లాడతారు.
వాస్తవం: దయచేసి అలా అడగకండి. ఆ బెంచీల్లో ఇంట్లో దెబ్బలు తినే అమ్మాయి ఉండొచ్చు, అన్నని స్టేషన్‌కి ఈడ్చుకెళ్లడం కళ్లారా చూసిన అబ్బాయి ఉండొచ్చు. పేపర్లో కేసో, కల్పించిన కేసో ఇవ్వండి. ఎవరైనా క్లాసయ్యాక వచ్చి చెప్పుకుంటే ఇంగ్లిష్ పక్కనపెట్టి తెలుగులోనే వినండి, ఆడపిల్లలకి 181 హెల్ప్‌లైన్ ఉందని చెప్పండి.

అపోహ: ఇదంతా ఎగ్జామ్ వరకే.
వాస్తవం: సీబీఐ అనీ కస్టమ్స్ అనీ "మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేశాం, కాల్ కట్ చేయొద్దు" అని గడగడా ఇంగ్లిష్‌లో బెదిరిస్తూ మోసగాళ్ల వీడియో కాల్స్ వస్తున్నాయి కదా, ఆ ఇంగ్లిష్‌కే సగం మంది బెదిరిపోతున్నారు. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలోనే లేదు. అందుకే ఆ కాల్ కూడా క్లాసులో చేయిస్తా, "సెండ్ మీ ఎ రిటెన్ నోటీస్" అని గట్టిగా చెప్పి ఫోన్ పెట్టేయడం, డబ్బు పోయుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టడం దాకా.