క్షయ క్రిమిని పట్టిచ్చే కొవ్వు

టీబీ అనుమానం ఉన్నవాళ్ల కళ్లెను ల్యాబ్‌లో గాజు స్లైడు మీద పూసి, ఎర్ర రంగు పోసి వేడి చేస్తారు. ఆ తర్వాత ఆమ్లంతో కడిగి, పైన నీలం రంగు వేస్తారు. మామూలు బ్యాక్టీరియా అయితే రంగు వదిలేస్తాయి. టీబీ క్రిమి వదలదు, నీలం మధ్య ఎర్రటి పుల్లల్లా మిగిలిపోతుంది. దాని ఒంటి చుట్టూ మైనం లాంటి కొవ్వు పొర ఉంటుంది మరి. ఆ పొరలో ముఖ్యమైనది మైకాలిక్ ఆమ్లం. మన వంటనూనెల కొవ్వు ఆమ్లాల్లో ఎక్కువగా 16 లేదా 18 కార్బన్ పరమాణువులుంటే, ఇందులో 60 నుంచి 90 దాకా ఉంటాయి.

ఒంట్లోకి దూరిన క్రిమిని మన టీ-కణాలు, అంటే రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు, నేరుగా చూడలేవు. వేరే కణాలు దాన్ని మింగి, ముక్కలు చేసి, ఆ ముక్కల్ని తమ పైపొర మీద పెట్టి చూపించాలి. అలా చూపించేది ప్రొటీన్ ముక్కల్నే అని చాలాకాలం అనుకున్నారు. 1994లో బోస్టన్ పరిశోధకులు మైకాలిక్ ఆమ్లాన్ని గుర్తుపట్టే మనిషి టీ-కణాల్ని చూపించారు. ఆ కొవ్వును పట్టుకుని చూపిస్తున్నది సీడీ1బి అనే అణువు.

నీళ్లంటే పడని కొవ్వును, నీళ్లతో నిండిన ఒంట్లో ఎలా పట్టుకోవాలి? నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చేది ఇదే. సీడీ1బి లోపల ఒకదానితో ఒకటి కలిసే సొరంగాలున్నాయని 2002లో తేలింది. కొవ్వు పొడవాటి తోకలు ఆ సొరంగాల్లోకి దూరి దాక్కుంటాయి. నీళ్లతో సఖ్యంగా ఉండే తల మాత్రం బయటికి కనిపిస్తుంది. టీ-కణం తడిమి చూసేది ప్రధానంగా ఆ తలనే. అంత పొడవు తోకకూ చోటు సరిపోయిందంటే, ఆ సొరంగాలు ఎంత పెద్దవో చూడండి.

ప్రొటీన్లను చూపించే హెచ్‌ఎల్‌ఏ అణువుల్లో వేల రకాలున్నాయి. సొంత తమ్ముడి కిడ్నీ కూడా ఒక్కోసారి సరిపడకపోవడానికి కారణం ఆ తేడాలే. సీడీ1బి, దాని కుటుంబంలోని మిగతా సీడీ1 అణువులు అలా కాదు, దాదాపు మనుషులందరిలోనూ ఒకేలా ఉంటాయి. కొవ్వుతో టీకా చేయగలిగితే అది అందరిలోనూ ఒకేలా పనిచేయవచ్చన్న ఆశ అక్కడినుంచే వచ్చింది. ఆ ఆశ మనకు చిన్నదేం కాదు. ప్రపంచంలోని టీబీ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. 1921 నుంచి వాడుకలో ఉన్న టీబీ టీకా బీసీజీ, పసిపిల్లల్ని తీవ్రమైన టీబీ నుంచి కాపాడుతుంది కానీ, చెన్నై దగ్గర చెంగల్పట్టులో జరిగిన పెద్ద పరీక్షలో పెద్దవాళ్ల ఊపిరితిత్తుల టీబీని ఆపలేకపోయింది.

ఇంకో చిక్కు ఎలుకలతో. టీకాలను మొదట ఎక్కువగా పరీక్షించేది వాటి మీదే, వాటిలో సీడీ1బి లేనే లేదు. గినీపందుల్లో ఆ తరహా అణువులున్నాయి. టీబీ క్రిమి కొవ్వులతో టీకా వేసిన గినీపందులకు తర్వాత టీబీ సోకించినప్పుడు, వాటి ఊపిరితిత్తులు తక్కువ దెబ్బతిన్నాయి.