మందుకు మందు: దిగువ తూము మూసేస్తే ఏమవుతుంది?

"మా ఆయనకు తెలియకుండా కూరలో కలిపి పెట్టొచ్చా?" తాగుడు మాన్పించే మాత్ర అనగానే మొదట వచ్చే ప్రశ్న ఇది. గోడల మీద, బస్సుల వెనక, ఇప్పుడు ఫోన్లలో కనిపించే ప్రకటనలు ఆశ పెట్టేదీ దీంతోనే: 'వారికి తెలియకుండానే మాన్పించండి'. జవాబు ఒక్క ముక్కలో చెప్పాలంటే, కలపకూడదు. అది ప్రమాదం. పైగా తెలియకుండా వేస్తే ఆ మాత్ర దండగ కూడా. ఈ రెండో సంగతే నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది.

మాత్ర పేరు డైసల్ఫిరామ్. అంటాబ్యూస్, ఎస్పెరాల్ అనే పేర్లు ఎక్కువమంది వినే ఉంటారు. తాగాలన్న కోరికను ఇది తగ్గించదు. తాగితే మాత్రం నరకం చూపిస్తుంది.

ఆ నరకం ఎలా పుడుతుందో చూడాలంటే చెరువు కింద మళ్లను తలుచుకోండి. ఎగువన ఒక తూము, మధ్యలో ఒక మడి, దిగువన ఇంకో తూము. కల్లు, బీరు, విస్కీ ఏది తాగినా చెరువులో చేరేది ఇథైల్ ఆల్కహాలే. కాలేయంలోని ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్ ఎగువ తూము. దాన్ని దాటగానే ఆల్కహాల్ కాస్తా ఎసిటాల్డిహైడ్ అవుతుంది. ఇదే అసలు విషం. దిగువ తూము ఆల్డిహైడ్ డీహైడ్రోజినేజ్. విషాన్ని ఎసిటేట్‌గా మార్చి బయటికి వదులుతుంది. ఎసిటేట్ వెనిగర్‌కు చుట్టం, దాంతో పేచీ లేదు. ఎగువ తూము గంటకు సుమారు ఒక చిన్న పెగ్గు, అంటే 10 గ్రాముల ఆల్కహాల్ మాత్రమే వదలగలదు. దిగువది వెడల్పైనది కాబట్టి మామూలుగా మధ్య మడి తడిసీ తడవనట్టు ఉంటుంది.

డైసల్ఫిరామ్ దిగువ తూమును మూస్తుంది. ఎగువది తెరిచే ఉంటుంది. ఇక తాగిన ప్రతి గుక్కా మడిలో నిలిచిపోతుంది. రక్తంలో ఎసిటాల్డిహైడ్ మామూలుకంటే 5 నుంచి 10 రెట్లు పెరుగుతుంది.

పది నిమిషాల నుంచి అరగంటలోపు మొదలవుతుంది. ముందు ముఖం, మెడ, చెవులు భగ్గున వేడెక్కుతాయి. చామనఛాయ ఒంటి మీద ఎరుపు తెలియకపోవచ్చు గానీ కళ్లు ఎర్రబడటం దాగదు. కణతల్లో దడదడ, గుండె పరుగు, చెమటలు, ఆగని వాంతులు. లేచి నిలబడితే కళ్లు తిరిగి పడిపోతారు, ఎందుకంటే బీపీ పడిపోతుంది. దానికి దెబ్బ రెండు వైపుల నుంచీ తగులుతుంది. ఎసిటాల్డిహైడ్ రక్తనాళాలను వదులు చేస్తుంది. అవి మళ్లీ బిగియాలంటే నార్ అడ్రినలిన్ అనే హార్మోన్ కావాలి, దాని తయారీకి రాగి అవసరమైన ఒక ఎంజైమ్ కావాలి, డైసల్ఫిరామ్ నుంచి పుట్టిన ముక్కలు ఆ రాగిని పట్టేసుకుంటాయి. ఈ బాధ ఒక గంట నుంచి కొన్ని గంటలదాకా ఉంటుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లలో ప్రాణం పోవచ్చు.

కొంచెం కెమిస్ట్రీ, ఓపిక పట్టండి. మాత్ర నేరుగా తూమును మూయదు. కాలేయం దాన్ని విరిచి, మిథైల్ తగిలించి, ఆక్సిజన్ చేర్చి ఒక సల్ఫాక్సైడ్‌గా మారుస్తుంది. అది ఎంజైమ్‌లో 302వ స్థానంలో ఉన్న సిస్టీన్ అనే అమైనో ఆమ్లానికి అతుక్కుంటుంది. ఆ సిస్టీన్‌లోని గంధకమే ఎసిటాల్డిహైడ్‌ను పట్టుకునే చెయ్యి. అతుకు ఊడదు. అంటే తలుపు వేసినట్టు కాదు, తూమును సిమెంటుతో పూడ్చినట్టు. పూడిక తీసే మార్గం లేదు, కణాలు కొత్త ఎంజైమ్‌ను, అంటే కొత్త తూములను, కట్టుకోవాల్సిందే. అందుకే మాత్ర ఆపేశాక కూడా రెండు వారాలదాకా ప్రమాదం పోదు. "శనివారం పార్టీ ఉంది, గురువారం నుంచి వేసుకోను" అనుకునే తెలివి ఇక్కడే బోల్తా పడుతుంది. కొంతమందిలో సల్ఫాక్సైడ్ సరిగా తయారుకాదు, రోజుకు 250 మిల్లీగ్రాముల మామూలు మోతాదుకు పెద్దగా బాధ ఉండదు. వాళ్లు ఒకసారి తాగి చూసి, మాత్ర ఉత్తిదని ఊరంతా చెబుతారు.

చైనా, జపాన్, కొరియా ప్రాంతాల్లో చాలామందికి పుట్టుకతోనే దిగువ తూము బలహీనం. ఒక్క బీరుకే ముఖం కందిపోతుంది. వాళ్లలో తాగుడుకు బానిసలయ్యేవాళ్లు తక్కువ. డైసల్ఫిరామ్ చేసేది ఆ జన్యులోపాన్ని అరువు తేవడమే.

ఈ మందు రబ్బరు ఫ్యాక్టరీలోంచి వచ్చింది. రబ్బరు గట్టిపడటానికి గంధకపు వంతెనలు వేసే రసాయనాల్లో ఇదొకటి. 1937లో అమెరికాలో ఒక ఫ్యాక్టరీ వైద్యుడు, ఈ రసాయనాలతో పనిచేసేవాళ్లు మద్యం ముట్టలేకపోతున్నారని రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత కోపెన్‌హాగెన్‌లో యెన్స్ హాల్డ్, ఎరిక్ యాకబ్సన్ దీన్ని నులిపురుగుల మందుగా పరీక్షిస్తూ తామే మింగి చూశారు, తాగినప్పుడల్లా ఒళ్లు పాడవడం గమనించారు, 1948లో ప్రకటించారు. 1951లో అమెరికాలో అనుమతి వచ్చింది. రబ్బరు గ్లోవ్స్ తొడిగితే చేతులు దద్దుర్లెక్కేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. అది ఇదే కుటుంబపు రసాయనం వల్ల కావచ్చు.

ఇక దండగ సంగతి. 1986లో అమెరికాలో 605 మంది మాజీ సైనికుల మీద చేసిన పెద్ద పరీక్షలో కొందరికి 250 మిల్లీగ్రాములు, కొందరికి నామమాత్రంగా 1 మిల్లీగ్రాము, కొందరికి అసలు డైసల్ఫిరామ్ లేకుండా ఇచ్చారు. పూర్తిగా మానేసినవాళ్ల సంఖ్యలో మూడు గుంపులకూ తేడా తేలలేదు. మాత్ర వేసుకున్న రెండు గుంపుల్లో ఎవరికి ఏ మోతాదు పడిందో తెలియదు, భయం ఇద్దరికీ ఒకటే; పూర్తిగా మానడంలో అసలు మోతాదు వాళ్లకు అంతకుమించి ఒరిగిందేమీ లేదు. తెలిసి వేసుకునే పరీక్షల్లో మాత్రం డైసల్ఫిరామ్ బాగా నెగ్గుతుంది. 2004లో ముంబైలో 100 మంది మీద, ఇంట్లోవాళ్ల పర్యవేక్షణలో ఏడాదిపాటు చేసిన అధ్యయనంలో డైసల్ఫిరామ్ వాళ్లు 86 శాతం మంది తాగుడుకు దూరంగా నిలబడ్డారు. కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్ వాళ్లలో అది 44 శాతం. మాత్ర పనిచేసేది మడి మునిగినప్పుడు కాదు, మునుగుతుందని తెలిసి మనిషి చెరువు దగ్గరికే పోనప్పుడు. మరి కూరలో కలిపితే? ఆ మనిషికి భయం లేదు. నేరుగా వెళ్లి క్వార్టరు తాగేస్తాడు. మిగిలేది విషం ఒక్కటే.

అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టనివాళ్లను ప్రతి ఊళ్లో చూస్తాం. అక్కడా అంతే. ఒట్టు, నల్లబట్టలు, పొద్దున్నే స్నానం, నలుగురి కళ్లు. పసరు మందులూ చాలావరకు ఈ బాపతే. వెక్కిరించాల్సిన పని లేదు గానీ ఒక్క జాగ్రత్త. రోజూ బాగా తాగేవాడు ఒక్కసారిగా ఆపితే వణుకు, మూర్ఛలు, రెండు మూడు రోజుల్లో మతి తప్పడం రావచ్చు. కల్తీ కల్లుకు అలవాటుపడ్డవాళ్లకు ఇది రెట్టింపు. అందులో కలిపే డయజిపాం, ఆల్ప్రాజోలం కూడా ఒకేసారి ఆగిపోతాయి. ఈ దశలో డైసల్ఫిరామ్ పనికిరాదు. ముందు ఆస్పత్రిలో ఆ గండం దాటాలి, థయమిన్ (బి1 విటమిన్) పడాలి.

తర్వాతి క్రమం ఇది. లివర్ పరీక్ష, ఈసీజీ చేస్తారు. చివరి చుక్క తాగి కనీసం 12 గంటలు కావాలి, చాలామంది డాక్టర్లు ఒక రోజుపైనే ఆగుతారు. మొదటి ఒకటి రెండు వారాలు రోజుకు గరిష్ఠంగా 500 మిల్లీగ్రాములు, తర్వాత 250. రెండు వారాలకు లివర్ పరీక్ష మళ్లీ. గుండె జబ్బు, మానసిక వ్యాధి, గర్భం ఉంటే వద్దు. మెట్రోనిడజోల్ అసలే వద్దు. విరేచనాలకని షాపులో అడిగి తెచ్చుకునే మాత్ర అదే, రెండూ కలిస్తే మతిభ్రమ రావచ్చు. క్షయకు ఐసోనియజిడ్ వాడుతుంటే, మూర్ఛకు ఫెనిటాయిన్, రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వేసుకుంటుంటే చెప్పి తీరాలి. నోట్లో లోహపు రుచి, ఊపిరిలో వెల్లుల్లి వాసన, మగత మామూలే. మగత ఎక్కువైతే రాత్రికి మార్చుకోవచ్చు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆ రోజే ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

దొంగదారిన వచ్చే ఆల్కహాల్ ఇంకో తలనొప్పి. ద్రాక్షారిష్టం, దశమూలారిష్టం లాంటివి పులియబెట్టినవి, వాటిలో 5 నుంచి 10 శాతం ఆల్కహాల్ తనంతట తానే పుడుతుంది. కొన్ని దగ్గు సిరప్‌లు, హోమియో చుక్కలు, మౌత్‌వాష్, ఆఫ్టర్‌షేవ్ కూడా లెక్కలోకి వస్తాయి.

ఎవరైనా మాత్ర మీద తాగేసి పడిపోతే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తాలి, వాంతులవుతుంటే పక్కకు తిప్పాలి, 108కి ఫోన్ చేసి మాత్ర పేరు చెప్పాలి. ఆస్పత్రిలో సెలైన్, ఆక్సిజన్ ఇస్తారు. ఫోమెపిజోల్ అనే మందు దొరికే చోట దాంతో ఎగువ తూమునే మూసేస్తారు. మడిలోకి కొత్త నీరు ఆగితే ఉన్నది మెల్లగా ఇంకిపోతుంది.

మింగడం దగ్గరే ఎక్కువ పథకాలు చెడతాయి. నాలుక కింద దాచి తర్వాత ఉమ్మేయడం పాత పద్ధతి. అందుకే మాత్రను నలిపి అర గ్లాసు నీళ్లలో కలిపి, భార్యో అమ్మో అన్నో చూస్తుండగా, రోజూ ఒకే వేళకు తాగించాలి. ఇది పోలీసు కాపలా కాకూడదు. ఎవరు చూడాలో ఆ మనిషే ఎంచుకోవాలి, డాక్టరు సమక్షంలో ఒప్పుకోవాలి. ఏదో ఒక పొద్దున "ఈ రోజు వద్దులే" అంటే గొడవపడక్కర్లేదు. ఆ మాటకు అర్థం నాలుగు రోజుల తర్వాత ఎక్కడో ఏదో పార్టీ ఉందని. దిగువ తూము ఇంకా పూడ్చే ఉంది, కొత్తది కట్టుకోవడానికి వారం పైనే పడుతుంది. డాక్టరుకు ఫోన్ చేయడానికి, కూర్చుని మాట్లాడటానికి చేతిలో ఉన్న గడువు అదే.