ఆ మాట పెట్టమన్నది మనమే

అమెరికాలో ఉంటున్న మా పిన్ని కొడుకుని ఎవడో షాపు బయట "మీ దేశం పో" అన్నాడట, వాడది ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. ఇక చూస్కోండి, కందుకూరు నుంచి ఒంగోలు దాకా ఉన్న చుట్టాలందరికీ జాతి వివక్ష మీద ఒక్కసారిగా కోపమొచ్చింది. ఐక్యరాజ్యసమితి ఏం చేస్తోందిరా అని మా మామయ్య అడిగాడు. చాలానే చేసింది మామయ్యా, అందులో మన దేశం చేసింది కొంత గొప్పగా చెప్పుకోవచ్చు, కొంత చెప్పుకోలేం.

1860లో మద్రాసు రేవులో ట్రూరో అనే ఓడ ఎక్కిన కూలీలు నవంబరులో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో దిగారు, ఆ తర్వాత ఏళ్ళ తరబడి అలా వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళు బోలెడుమంది, ఎక్కువమంది చెరకు తోటల పనికే. వాళ్ళ పిల్లలు, మనవలు ఎక్కడ ఉండాలో, ఎక్కడ భూమి కొనాలో మేమే చెప్తామంటూ 1946లో దక్షిణాఫ్రికా చట్టం చేస్తే, ఇంకా స్వాతంత్ర్యం కూడా రాని భారతదేశం అదే ఏడాది ఐక్యరాజ్యసమితిలో ఫిర్యాదు పెట్టింది. అప్పటికి సమితి పుట్టి ఏడాదే!

తర్వాత 1960 మార్చి 21న అదే దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో, నల్లవాళ్ళు జేబులో పాసు పెట్టుకుని తిరగాలన్న చట్టానికి నిరసనగా వచ్చిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపి 69 మందిని చంపారు. ఆ తేదీనే ఇప్పుడు జాతి వివక్ష వ్యతిరేక దినం. 1965 డిసెంబరులో జాతి వివక్షకి వ్యతిరేకంగా సమితి అంతర్జాతీయ ఒప్పందం వచ్చింది, 1969లో అమల్లోకొచ్చింది. ఇప్పుడు 180కి పైగా దేశాలు అందులో ఉన్నాయి, మనం 1968లోనే చేరాం.

అసలు తిరకాసు ఆ ఒప్పందం మొదటి అధికరణలో ఉంది. జాతి, రంగుతో పాటు 'డిసెంట్', అంటే పుట్టిన వంశాన్ని బట్టి చూపే తేడా కూడా వివక్షేనని రాశారు. ముసాయిదా దశలో ఆ మాట చేర్చమని అడిగింది మన దేశమే.

మా జిల్లావాళ్ళకి ఆ మాటకి అర్థం వేరే చెప్పక్కర్లేదు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారు. అప్పుడది ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల. దళితులు తమ తాగునీటి చెరువు దగ్గర గేదెల బకెట్ కడగొద్దన్నందుకు మొదలైన గొడవ అది. బతికినవాళ్ళు చీరాలకి పారిపోయి శిబిరంలో తలదాచుకున్నారు, దళిత మహాసభ పుట్టింది అక్కడి ఉద్యమంలోంచే. నాలుగేళ్ళకి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది.

దేశం లోపల చట్టం చేయడానికి అడ్డు రాని కులం, బయట మాత్రం పేరెత్తకూడనిదైపోయింది. కులం డిసెంట్ కిందకి వస్తుందని ఒప్పందం అమలు చూసే కమిటీ 1996లోనే మనవాళ్ళకి చెప్పింది. 2001లో డర్బన్‌లో, అవును, ఆ ఓడ చేరిన డర్బన్‌లోనే, జాతి వివక్ష మీద సమితి ప్రపంచ సదస్సు పెట్టారు. అమెరికా, ఇజ్రాయెల్ మధ్యలో లేచి వెళ్ళిపోయాయి, పేపర్లన్నీ దాని గురించే రాశాయి. ఇటు ఇండియా నుంచి వెళ్ళిన దళిత సంఘాలు కులం సంగతి పత్రంలో పెట్టమని పోరాడుతుంటే, కులం అంటే రేస్ (జాతి) కాదు, మా ఇంటి విషయం అని మన ప్రభుత్వం పట్టుబట్టింది. చివరి పత్రంలో కులం ఊసే లేదు. కమిటీ మాత్రం తగ్గలేదు, 2002లో డిసెంట్ అంటే కులం కూడానని విడిగా సిఫార్సు రాసి పెట్టింది.

2006 డిసెంబరులో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్, అంటరానితనానికి పోలిక ఏదైనా ఉందంటే అది దక్షిణాఫ్రికా వర్ణవివక్షేనని ఢిల్లీ సభలో అన్నారు. రెండు నెలలు తిరక్కుండానే జెనీవాలో ఆ కమిటీ ముందు మన ప్రతినిధులు మళ్ళీ కులం వేరు, రేస్ వేరు అనే పాత పాటే పాడారు.

2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షని నిషేధించింది, అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. ఆ వార్త నేనే మా గ్రూపులో పెట్టాను. మావాడి కోసం అంతగా మండిపడ్డ మామయ్య, "అక్కడ కూడా మన పరువు తీస్తున్నారు" అని మెసేజ్ పెట్టాడు. పదకొండు మంది లైక్ కొట్టారు.