నీలం టిక్కులు లేని రోజుల ఉత్తరం

చిరంజీవులు చిన్నికి, బాబుకి తాతయ్య ఆశీస్సులు.

"జార్జి వాషింగ్టన్ లండన్‌కి ఉత్తరం రాస్తే, అది చేరిందని ఆయనకెలా తెలిసేది తాతయ్యా? నీలం టిక్కులు ఉండవుగా?" అని అడిగావు చిన్నీ. మంచి ప్రశ్న. ఆ కాలపు ఉత్తరాల పద్ధతిలో సగం ఆ దిగులు నుంచే పుట్టింది.

ముందు ఆయన లండన్‌కి ఎందుకు రాసేవాడో చెబుతాను. మన మిర్చి రైతుకీ గుంటూరు యార్డులో కమీషన్ వ్యాపారికీ ఉండే లావాదేవీ మీకు తెలిసిందే. రైతు సరుకు పంపుతాడు. వ్యాపారి అమ్మిపెట్టి, కమీషన్ పట్టుకుని, మిగతాది ఖాతాలో జమ వేస్తాడు. ఎరువులకైనా పెళ్ళికైనా చేబదులు ఆయన దగ్గరే. అమెరికాలోని వర్జీనియాలో పొటోమాక్ నది ఒడ్డున మౌంట్ వెర్నన్ అనే కమతంలో ఉండే వాషింగ్టన్‌కి యార్డు లండన్‌లో ఉంది. ఆయన కమీషన్ వ్యాపారి రాబర్ట్ కేరీ కంపెనీ. సరుకు పొగాకు, ఒక్కో పీపా దాదాపు వెయ్యి పౌండ్ల బరువు. మన రైతు కనీసం కాటా దగ్గర నిలబడి చూసుకుంటాడు. ఈయనకి ఆ వీలూ లేదు, వాళ్ళు రాసిందే ధర. బట్టలు, పనిముట్లు, కుర్చీలు కూడా వాళ్ళే కొని ఓడలో పంపి ఖాతాలో రాసేవాళ్ళు. పంపిన సామాను ముత్తాతల నాటిదని 1760లో, పొగాకుకి సరైన ధర రావడం లేదని 1765లో ఆయన గట్టిగానే రాశాడు. ఆ రోజుల్లోనే పొగాకు వదిలి గోధుమ వైపు మళ్ళాడు.

ఇంటి సంగతులూ వ్యాపారమూ ఆ ఉత్తరాల్లో కలిసే ఉంటాయి. 1759 జనవరిలో ఆయన మార్తా కస్టిస్‌ని పెళ్ళి చేసుకున్నాడు. మే నెలలో కేరీ కంపెనీకి పెళ్ళి ధ్రువపత్రం జతచేసి, ఆమె మొదటి భర్త ఆస్తి వ్యవహారాల ఉత్తరాలన్నీ ఇకమీదట తన పేరుకే రాయమన్నాడు. శుభలేఖా అదే, ఖాతా మార్పిడి కాగితమూ అదే! ఆ ఏడే పంపిన జాబితాలో మార్తా పిల్లల కోసం 10 షిల్లింగుల ఆటబొమ్మలు, అక్షరాలు నేర్చుకునే పిల్లలకి 6 చిన్న పుస్తకాలు ఉన్నాయి. అలాంటి జాబితాల్లోనే బానిసల కోసం ముతక గుడ్డ కూడా కనిపిస్తుంది. ఆ పొగాకు పండించింది వాళ్ళే. బొమ్మల దగ్గర ఆగిపోకుండా ఆ వరస కూడా చదవండి.

ఇక నీ ప్రశ్న. సముద్రం దాటడానికి గాలి అనుకూలిస్తే ఆరేడు వారాలు, లేకపోతే ఇంకా ఎక్కువ. తుపానులు సరే, 1763 దాకా ఫ్రాన్సుతో యుద్ధం, దారిలో శత్రువులు ఓడల్ని పట్టుకునేవాళ్ళు. అందుకే ముఖ్యమైన ఉత్తరానికి నకళ్ళు తీసి వేరువేరు ఓడల్లో పంపేవాళ్ళు. ఉత్తరం మొదటి వాక్యంలోనే "మీ ఫలానా తేదీ ఉత్తరం అందింది, నేను ఫలానా తేదీన ఫలానా కెప్టెన్ చేతికిచ్చి రాశాను" అని ఉండేది. చిన్నీ, నీలం టిక్కులు అవే. కాకపోతే నాలుగైదు నెలలకి పడేవి. అందులో ఒక తేదీ కనిపించలేదంటే ఆ ఉత్తరం దారిలో పోయిందన్నమాట. అప్పుడు తన పుస్తకంలో రాసి ఉంచుకున్న నకలు చూసి మళ్ళీ పంపాలి. తేదీ వేయడం మర్చిపోయినవాడి వ్యవహారం అక్కడే చిక్కుబడేది. మీరు నోటుపుస్తకంలో తేదీ వేయనప్పుడల్లా ఇది గుర్తుకు రావాలి.

డబ్బు పంపడం ఇంకా ముచ్చటైనది. ఫలానావాడికి ఇంత చెల్లించమని మన పాతకాలపు వ్యాపారులు రాసిచ్చే హుండీ లాంటి కాగితాన్నే మూడు ప్రతులు రాసి మూడు ఓడల్లో పంపేవాళ్ళు. మొదటి దాని మీద "రెండోదీ మూడోదీ చెల్లించకపోతేనే ఇది చెల్లించండి" అని, మిగతా వాటి మీదా అదే తీరున ఉండేది. ఏది ముందు చేరితే దానికి డబ్బు, మిగతా రెండూ చిత్తుకాగితాలు. ఒక ఓడ మునిగినా డబ్బు మునగదు, రెండు చేరినా రెండుసార్లు ఇవ్వనక్కర్లేదు.

సిరా ఎలా చేసేవాళ్ళో మీ వంటింట్లోనే ఉంది. అరటికాయ కోస్తే ఇనుప కత్తిపీట నల్లబడుతుంది కదా, కాయలోని వగరుకీ ఇనుముకీ పడే నలుపు అది. వాళ్ళ వగరు ఓక్ చెట్టు మీద బుడిపెలా పెరిగే మాచికాయది, ఇనుము అన్నభేది అనే ఇనుప లవణానిది. మూడు పాళ్ళ మాచికాయకి ఒక పాలు అన్నభేది, చిక్కదనానికి కాస్త తుమ్మజిగురు. రాసేటప్పుడు వెలిసినట్టుండి, గాలి తగిలాక నల్లబడుతుంది. అన్నభేది ఎక్కువైతే కొన్నేళ్ళకి గోధుమరంగుకి తిరిగి కాగితాన్నే తినేస్తుంది. జిగురు చాలకపోతే అక్షరం ఊరిపోతుంది, ఎక్కువైతే బాతు ఈకలోంచి సిరా దిగదు.

కవరు మాత్రం ఉండదు. దేశం లోపలి తపాలాలో కాగితాలు లెక్కపెట్టి డబ్బు తీసుకునేవాళ్ళు. అమెరికాలో 1792 చట్టం ప్రకారం 30 మైళ్ళ లోపు ఒక కాగితానికి 6 సెంట్లు, 450 మైళ్ళు దాటితే 25, రెండు కాగితాలైతే రెట్టింపు. కవరూ ఒక కాగితమే కదా! అందుకే పెద్ద కాగితాన్ని సగానికి మడిచి, మూడు పుటలు రాసి, నాలుగోదాని మీద చిరునామా కోసం చోటు వదిలేవాళ్ళు. తర్వాత కిరాణా పొట్లంలా మడిచి, ఒక అంచుని రెండో అంచులోకి దోపి, లక్క కరిగించి ముద్ర వేసేవాళ్ళు. ఆ లక్క మన దేశం నుంచి వెళ్ళేది. ముద్ర పడే చోట ఏమీ రాయకూడదు. రాస్తే, విప్పేటప్పుడు కాగితంతో పాటు ఆ మాట కూడా ఊడొస్తుంది. పాత ఉత్తరాల్లో అంచున చిరిగిన ఖాళీ, మధ్యలో తెగిపోయిన వాక్యం కనబడితే, దాన్ని ఆత్రంగా విప్పిన చెయ్యి మీకు కనబడినట్టే.

ఆదివారం ఒక పెద్ద కాగితం తీసుకుని మడిచి చూడండి. ముద్ర ఏ చోట పడుతుందో పెన్సిలుతో గుర్తుపెట్టి విప్పండి, మూడో పుటలో ఎక్కడ ఖాళీ వదలాలో తెలుస్తుంది. అప్పుడు నాకు జవాబు రాయండి. తేదీ వేసి, ఈ ఉత్తరం ఏ రోజు అందిందో మొదటి వాక్యంలోనే చెప్పండి.

ఇట్లు,
మీ తాతయ్య