చెరువు గట్టూ క్లాస్‌రూమే: హైబ్రిడ్ డిగ్రీపై అపోహలు, వాస్తవాలు

భీమవరం దగ్గర డిగ్రీ కాలేజీలో ఆక్వాకల్చర్ (చేపలు, రొయ్యల పెంపకం) చెబుతాను, పిల్లల ఇంటర్న్‌షిప్పులూ నేనే చూస్తాను. హైబ్రిడ్ డిగ్రీ అంటే కొంత ఆన్‌లైన్‌లో, కొంత క్లాసులో, కొంత పని జరిగే చోట చదివే డిగ్రీ. అడ్మిషన్లప్పుడు తల్లిదండ్రుల నోట తరచూ వినే మాటలకు నా జవాబులివి.

అపోహ: ఆన్‌లైన్ కోర్సంటే చదవకుండా సర్టిఫికెట్ తెచ్చుకోవడమే.

వాస్తవం: కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’లో ఐఐటీలు నడిపే ఎన్‌పీటీఈఎల్ కోర్సునే ఉదాహరణకు తీసుకోండి. అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షకు 75. పరీక్ష సెంటర్‌కు వెళ్లి రాయాలి. అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 వస్తేనే సర్టిఫికెట్. యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులు స్వయంలో చదవొచ్చు. ఇంటి దగ్గర సిగ్నల్ అందని పిల్లలు వీడియోలు కాలేజీలో డౌన్‌లోడ్ చేసుకుని వెళ్తే సరిపోతుంది.

అపోహ: ఇండస్ట్రీ అంటే హైదరాబాద్, బెంగళూరే. డెల్టాలో ఏముంది?

వాస్తవం: ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. చుట్టూ వనామీ రకం రొయ్యల చెరువులు, మేత కంపెనీలు, నీటి పరీక్షల ల్యాబులు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు ఉన్నాయి. చెరువులో డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) తెల్లవారుజామున ఎందుకు బాగా పడిపోతుంది? నీటిలో తేలే కంటికి కనపడనంత చిన్న మొక్కల్లాంటి ప్లాంక్టన్ చీకట్లో ఆక్సిజన్ తయారుచేయదు. రొయ్యలతో పాటు అదీ పీల్చుకుంటుంది. ఇంతవరకూ వీడియో చూసి ఇంట్లోనే నేర్చుకోవచ్చు. కానీ ఆ వేళ గట్టు మీద నిలబడి మీటర్ చూసి, నీటిలోకి గాలి కలిపే ఏరియేటర్ ఇంకోటి వేయాలా, ఉదయం మేత తగ్గించాలా అని తేల్చుకోవడం చెరువు దగ్గరే వస్తుంది. మర్నాడు ఆ రీడింగులు క్లాసులో బోర్డు మీద రాసి, ఎవరి నిర్ణయం ఎందుకు సరైందో మాట్లాడుకుంటాం. నా దృష్టిలో హైబ్రిడ్ అంటే ఇదే. ప్లాంటుకు వెళ్తే, యాంటీబయాటిక్ అవశేషాలు దొరికితే ఎగుమతి సరుకు ఎందుకు వెనక్కి వస్తుందో కళ్లారా తెలుస్తుంది. పిల్లల చేత ఫైళ్లు మాత్రమే సర్దించిన చోటికి మాత్రం మళ్లీ ఎవర్నీ పంపను.

అపోహ: పీహెచ్‌డీ లేనివాళ్లు కాలేజీలో పాఠం చెప్పకూడదు.

వాస్తవం: యూజీసీ 2022లో తెచ్చిన ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ పద్ధతిలో, తమ రంగంలో కనీసం 15 ఏళ్ల అనుభవం ఉన్న నిపుణులకు పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. ఆ పదవి లేకపోయినా, పగలు తీరికలేని హేచరీ (రొయ్య పిల్లల ఉత్పత్తి కేంద్రం) టెక్నీషియన్ సాయంత్రం ఆన్‌లైన్‌లో గంట మాట్లాడినా పిల్లలకు మేలే.

అపోహ: కాలేజీకి కంపెనీతో ఎంవోయూ (అవగాహన ఒప్పందం) ఉంటే చాలు.

వాస్తవం: చాలదు. చేర్పించే ముందు అడగండి: పోయినేడు ఎంతమంది ఏ ప్లాంటుకు వెళ్లారు, ఎన్ని వారాలున్నారు, అక్కడ వాళ్లు రోజూ చేసిన పని రాసుకునే లాగ్‌బుక్ ఎవరు చూసి సంతకం పెట్టారు?